తువ్వాళ్ళేసిన బస్సు

మా జ్యోత్స్నకు బస్సు డిపోలో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఇంట్లో అందరూ మైసూరుపాకు తిన్నారు. నేను మాత్రం నా ముక్క పక్కన పెట్టి, డిపో అంటే బస్సులు వెనక్కి తిప్పే చోటు కదా, పిల్ల వెనక చూసుకోకుండా నడుస్తుందేమో అని ఆలోచిస్తూ కూర్చున్నాను. మా ఆయన నతానియేలు బడిపంతులు. ఆయనకు దేనికీ భయం లేదు. పాపను బస్సులు నడిపించే ఆఫీసులోకి తీసుకున్నారు గానీ బస్సుల కింద పడుకోమని కాదు అన్నాడు. శుభమా అని ఉద్యోగం వస్తే అట్లాంటి మాట నోట అనవచ్చునా?

ఆ ఉద్యోగంలో ఒక మేలుంది. డిపో మా ఆళ్ళగడ్డలోనే, ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. మధ్యాహ్నం క్యారియరు నేనే తీసుకుపోయి, పిల్ల తిన్నదా లేదా చూసి రావచ్చు. కానీ ఇంకా ట్రైనింగే. పని బాగా చేస్తే ఇక్కడే ఉంచుతారు, లేదంటే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపిస్తారట. ఎక్కడికి అని అడిగితే, ఇదివరకు ఒకబ్బాయిని శ్రీకాకుళం వైపు పంపించారని చెప్పింది. మా ఆయన్ని పటం తీయమన్నాను. రాష్ట్రానికి ఈ మూల మనం ఉన్నాం, ఆ మూల అది ఉంది. దాని పక్కనంతా తుపాన్లు పుట్టే సముద్రం.

అట్లాంటి సమయంలో రైలు దారి మూశారు. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల పోయే లైనులో వంతెన పని పడింది. నంద్యాలకూ కోయిలకుంట్లకూ మధ్య కొన్నాళ్ళు బండ్లు తిరగవన్నారు. ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే రైలు కోయిలకుంట్లలోనే ఆగిపోతుంది. దిగినవాళ్ళను అక్కడి నుంచి బస్సులో నంద్యాల చేర్చాలి. నంద్యాలలో వాళ్ళు గుంటూరు రైలు ఎక్కాలి. రైలుకు కొన్న టికెట్టే బస్సులోనూ చెల్లాలి. రైలు ఎంత ఆలస్యమైనా బస్సు దానికోసం కాచుకొని ఉండాలి, కదిలాక మాత్రం గుంటూరు బండి వెళ్ళిపోకముందే చేరాలి. రైలువాళ్ళది ఒక ఇల్లు, బస్సువాళ్ళది ఒక ఇల్లు. ఈ రెండిళ్ళ వియ్యానికి పెద్దరికం తెచ్చి మా పిల్ల నెత్తిన పెట్టారు.

ఇక ఇంట్లో పగలూ రాత్రీ ఫోన్లే. అన్నిటికంటే పెద్ద చిక్కు ఆడవాళ్ళ దగ్గర వచ్చింది. మనకు బస్సుల్లో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు ఉచితం కదా. మరి రైలు టికెట్టు కొనుక్కుని వచ్చిన ఆడమనిషి ఈ బస్సెక్కితే ఆమెను రైలు లెక్కలో రాయాలా, ఉచితం లెక్కలో రాయాలా అని రెండు వైపులా ఒకటే చర్చ. చివరికి ఈ బస్సులో ఆధార్ వద్దు, మగవాళ్ళైనా ఆడవాళ్ళైనా రైలు టికెట్టే చూపించాలి, అది లేనివాళ్ళు ఎక్కనేకూడదు అని తేల్చారు. ఆ రోజు మా పిల్ల ఫోను పక్కన పడేసి, ఒక ఆడమనిషిని ఎన్ని రకాలుగా లెక్కపెట్టొచ్చో ఇప్పుడు తెలిసింది మా, అంది.

బస్సు మొదలయ్యే ముందు రోజు అన్నం తింటూ అసలు సంగతి చెప్పింది. రేపు రెండు వైపుల ఆఫీసర్లూ నంద్యాల స్టేషన్లో నిలబడి చూస్తారట. తనూ అక్కడే ఉండాలట. కోయిలకుంట్ల వాళ్ళకు గుంటూరు రైలు అందితే ఈ ఏర్పాటు ఖాయం, తన ఉద్యోగం కూడా గట్టిపడినట్టే.

"అందకపోతే?" అన్నాను.

"అందకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటారు. నన్ను యాడికన్నా పంపిస్తారు. చారు పొయ్."

యాడికో నాకు తెలుసు. చారు పోసి, అడగకుండానే ఇంకో ముద్ద అన్నం వేశాను.

పక్క మీద పడుకుని వాళ్ళ ఏర్పాటంతా మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. అంతమంది ఆఫీసర్లకు కనబడని కన్నం ఒకటి నాకు కనబడింది. ఖాళీ బస్సు తలుపు తెరుచుకుని కోయిలకుంట్ల స్టేషన్ ముందర నిలబడి ఉంటుంది. ఖాళీ బస్సు కనబడితే మనవాళ్ళు అది యాడికి పోతుందో కూడా అడగరు, ముందు ఎక్కి కూర్చుంటారు. రైలు వచ్చేసరికి సంచులతో, కోళ్ళతో బస్సు నిండిపోయి ఉంటుంది. దిగమంటే దిగరు. గొడవ అవుతుంది. గుంటూరు బండి పోతుంది. మా పిల్ల సముద్రం పక్కన ఎక్కడో అద్దె గదిలో ఒంటరిగా అన్నం వండుకుంటుంది.

పొద్దున్నే పాపతో ఈ మాట అంటే, కండక్టర్ గోవిందమ్మ ఉంది కదా, ఎవర్నీ ఎక్కనీయదు, నువ్వు గమ్మునుండు అని బయల్దేరింది. గోవిందమ్మను నేను చూశాను. గట్టిగా గాలి కొడితే ఆమెనే పట్టుకోవాలి.

మన జనాన్ని కండక్టర్ ఆపలేదు, పోలీసు ఆపలేడు. ఆపేది ఒక్కటే, తువ్వాలు. కిటికీలోంచి సీటు మీద తువ్వాలు పడిందంటే ఆ సీటు వేసినవాళ్ళదే. వాళ్ళు టీ తాగి, బీడీ కాల్చి, తీరిగ్గా వచ్చినా అది వాళ్ళదే. మా వైపు పొలం గట్టు జరుపుతారు గానీ తువ్వాలు జరపరు.

తువ్వాళ్ళు మా ఇంట్లోనే ఉన్నాయి. మా చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు ముసలివాళ్ళకు పంచడానికి ఒక కట్ట కొన్నారు. వేరేవాళ్ళ ఇంట్లో పెడితే ఎలుకలు కొడతాయని నేనే పట్టుబట్టి తెచ్చిపెట్టుకున్నాను. అన్నీ ఒకే రకం, తెల్లవి, నీలం అంచు. కట్టను సంచిలో కుక్కాను. మా ఆయనతో రుద్రవరంలో మా అక్కకు బాగాలేదని చెబుదామనుకున్నాను గానీ, అబద్ధం చెబితే ఆమెకు నిజంగానే జబ్బు చేస్తుందని భయమేసింది. అందుకని ఊరికే బయటికి పోయొస్తానని చెప్పి దొర్నిపాడు మీదుగా పోయే బస్సెక్కాను.

నేను అనుకున్నట్టే ఉంది అక్కడ. స్టేషన్ ముందు బస్సు నిలబడి ఉంది. అద్దం మీద రైలు ప్రయాణికులకు మాత్రమే అని కాగితం అంటించారు. ఆ కాగితం కిందే ఒకాయన శనగల మూట దించి చెమట తుడుచుకుంటున్నాడు. ఇంకా ఇద్దరు ముగ్గురు బస్సు చుట్టూ తిరుగుతూ లోపలికి తొంగి చూస్తున్నారు. డ్రైవరు టీకి పోయినట్టున్నాడు. గోవిందమ్మ అటు పక్కన ఎండలో నిలబడి డిపోకు ఫోను చేస్తోంది. నేను ఇటు పక్క నుంచి ఒక్కొక్క కిటికీలో తువ్వాలు వేసుకుంటూ పోయాను. అందని సీట్లకు బస్సెక్కి పరిచాను. మూట ఆయన నా వైపూ, సీట్ల వైపూ చూసి, పెళ్ళివాళ్ళా అని అడిగాడు. వచ్చేవాళ్ళున్నారు అన్నాను. అది నిజమే కదా. ఆయన మూట ఎత్తుకుని ఆటో వెతుక్కుంటూ పోయాడు.

అంతటితో ఇంటికి పోయి ఉంటే సరిపోయేది. కానీ అసలు రైలు వస్తుందా అని ఇంకో భయం పట్టుకుంది. ప్లాట్‌ఫారం చివరిదాకా పోయి చూశాను. ఏమీ కనబడలేదు. పట్టాల మీద చెవి పెడితే దూరాన వచ్చే రైలు తెలుస్తుందని చిన్నప్పుడు విన్నాను. చెవి పెట్టే ధైర్యం లేదు. అందుకని అంచున నిలబడి, కళ్ళు మూసుకుని, ప్రభువా దీన్ని తొందరగా తీసుకురా అని ప్రార్థన చేసుకుంటూ చప్పుడేమైనా వినబడుతుందేమోనని ముందుకు వంగాను. వెనక నుంచి ఎవరో జబ్బ పట్టుకుని ఒక్క లాగు లాగారు.

రైలు దిగినవాళ్ళను బస్సు దగ్గరికి పంపించడానికి పెట్టిన రైల్వే ఆయన అతను. చొక్కా మీద సాల్మన్ రాజు అని పేరుంది. ప్లాట్‌ఫారం టికెట్టు కొనలేదని పట్టుకున్నాడనుకున్నాను. గదిలోకి తీసుకుపోయి కుర్చీ వేసి, నీళ్ళిచ్చాడు. అప్పుడే రైలు కూత వేసుకుంటూ వచ్చింది. ఈడనే కూసో, కదలొద్దు అని చెప్పి పోయాడు. కేసు రాస్తాడేమోనని కదలకుండా కూర్చున్నాను. జనాన్ని బస్సు వైపు పంపించి మళ్ళీ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఎందుకు మా ఇట్లాంటి పని చేస్తాండావు?"

"తప్పయింది అన్నా. ఇదే మొదటిసారి. ఇంకెప్పుడూ చెయ్యను."

"ఆ మాట మీదుండు. ఇంట్లో ఎవరెవరుండారు?"

మా ఆయన, ఒక కూతురు అన్నాను. ఇదంతా కూతురి కోసమేనని, దాన్ని నాకు దూరంగా పంపించేస్తారేమోనని చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయనకూ కళ్ళు తడిశాయి. నా మెడలో సిలువ చూసి, మనోళ్ళే, ప్రార్థన చేద్దాం మా అని కళ్ళు మూసుకున్నాడు. ఈ సోదరి తన ప్రాణం తాను తీసుకోవాలన్న తలంపు నుంచి విడిపించు తండ్రీ అని మొదలుపెట్టాడు.

అప్పుడు తెలిసింది నాకు ఆయన ఏమనుకున్నాడో. అయ్యో కాదని చెప్పాలి. కానీ ప్రార్థన మధ్యలో ఎట్లా చెప్పేది? ఆమేన్ అనకముందే లేచిపోతే దేవుడు ఊరుకుంటాడా, అదీ ఈ రోజు, నా బిడ్డ పని ఆయన చేతిలో ఉన్న రోజు? ప్రార్థన నా దగ్గర నుంచి నా కుటుంబానికి పోయింది, అక్కడి నుంచి రైల్వే ఉద్యోగులకు, వంతెన కట్టే కూలీలకు, చివరికి కోయిలకుంట్ల శనగ పంట దాకా పోయింది. నేను ఒక కన్ను మెల్లగా తెరిచాను. కిటికీలోంచి బస్సు కనబడుతోంది. కదలడం లేదు.

ఆమేన్ అనగానే, అన్నా ఆ బస్సు ఎందుకు పోలేదు అన్నాను. ఆయనకూ అర్థం కాలేదు. ఇద్దరం ఉరికాం.

ఆ దృశ్యం ఇప్పుడు తలచుకున్నా నాకు చెమటలు పడతాయి. రైలు దిగిన జనమంతా బస్సులోనే ఉన్నారు. నడవలో ఒకరినొకరు నలుపుకుంటూ, పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని, ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ నిలబడి ఉన్నారు. వాళ్ళకు రెండు వైపులా సీట్లన్నీ ఖాళీ. ప్రతి సీటు మీదా నీలం అంచు తెల్ల తువ్వాలు. గోవిందమ్మ తలుపు దగ్గర నిలబడి, తువ్వాళ్ళేసినోళ్ళు వచ్చేదాకా బండి తీసేది లేదని చెబుతోంది. రైలు దిగి ముందుగా వచ్చి సీట్లు పెట్టుకుని టీకి పోయారు, వాళ్ళకూ గుంటూరు టికెట్టే కదా, వదిలిపెట్టిపోతే తననే అడుగుతారని ఆమె లెక్క. తువ్వాళ్ళన్నీ ఒకే రకం కాబట్టి ఇది పెద్ద పెళ్ళిబృందమని ఒకరు, కాదు ఎవరో లీడర్ మనుషులని ఒకరు.

నేను కిందనే నిలబడి, ఆ సీట్లు మీకే, కూర్చోండి అన్నాను. ఒక్కరూ కూర్చోలేదు. ముందు సీటు కమ్మీ పట్టుకుని రంగయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడు. జమ్మలమడుగులో రైలెక్కి గుంటూరులో కంటి ఆపరేషన్‌కు పోతున్నాడు. ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూశాడు.

"ఎవరివో ఏమో మా. ఒకరి తువ్వాలు మీద కూసునే కర్మ మాకేం పట్టింది? నిలబడుకునే పోతాం."

"నావే నాయనా. అన్నీ నావే."

"ఇన్ని సీట్లు నీ ఒక్కదానికే?" అంది గోవిందమ్మ. "నీకు ఎన్ని ఒళ్ళుండాయి?"

ఈలోగా సాల్మన్ రాజు డ్రైవరును పక్కకు పిలిచి చెవిలో చెప్పాడు. నాకు వినబడింది. పాపం, ఆమె మనసు బాగలేదు, ఇప్పుడే పట్టాల దగ్గర నుంచి లాక్కొచ్చినా, మెల్లగా మాట్లాడండి అని. ఆ మాట డ్రైవరు నుంచి ఫుట్‌బోర్డుకు, ఫుట్‌బోర్డు నుంచి వెనక సీట్ల దాకా పోయింది. అందరూ నన్ను జాలిగా చూడడం మొదలుపెట్టారు. ఒకామె కిటికీలోంచి నాకు అరటిపండు ఇచ్చింది.

పిచ్చిదాని మాట మీద ఎవరు కూర్చుంటారు? గుంటూరు బండి నంద్యాలలో ఊపిరి పీల్చుకుంటూ ఉంటుంది. ఇక దాచి లాభం లేదు. అరటిపండు పట్టుకునే చెప్పాను.

"నాకు పిచ్చి లేదు, చచ్చే ఆలోచనా లేదు. ఆళ్ళగడ్డ డిపోలో జ్యోత్స్న నా కూతురు. ఈ బస్సు పెట్టించింది ఆ పిల్లే. ఊరోళ్ళు ఎక్కేస్తారని, రైల్లో వచ్చే మీకు సీటు దొరకదని నేనే తువ్వాళ్ళేసినా. మీకు ఆ రైలు అందకపోతే నా బిడ్డను నాకు కాకుండా పంపిస్తారు. మీ కాళ్ళు పట్టుకుంటా, కూసోండి."

గోవిందమ్మే ముందు తేరుకుంది. మా జ్యోత్స్న మేడం వాళ్ళమ్మవా, ముందే చెప్పకూడదా అని నెత్తి కొట్టుకుంది. అయినా రంగయ్య కూర్చోలేదు. వేసినోళ్ళే తీయాల మా, అది పద్ధతి అన్నాడు. ఇక చేసేదేముంది, నేనే ఎక్కాను. జనం మధ్యలో దూరుకుంటూ ఒక్కొక్క సీటు దగ్గరికి పోయి నా చేత్తో తువ్వాలు తీస్తే గానీ ఒక్కరూ కూర్చోలేదు. చివరి తువ్వాలు తీసేసరికి బస్సు కదిలింది, దిగే దారి లేక నేనూ కదిలాను.

గోవిందమ్మ టికెట్లు చూసుకుంటూ వచ్చింది. ఆడవాళ్ళంతా అలవాటు కొద్దీ ఆధార్ కార్డులు పైకెత్తారు. ఆధార్ కాదక్కా, రైలు టికెట్టు అని ఒక్కొక్కరికీ చెప్పి, నా దగ్గరికి వచ్చి ఆగింది. నా దగ్గర రైలు టికెట్టు లేదు. ఆధార్ ఈ బస్సులో చెల్లదు. నిన్ను ఏ లెక్కలో రాయాల అని అడిగింది. ఈ బస్సులో ఎక్కకూడని మనిషి ఎవరైనా ఉంటే అది నేనే. తువ్వాళ్ళ మూట ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాను. తర్వాత చూద్దాంలే అని ముందుకు పోయింది.

ఫోను చేయాలి. చేస్తే దొరికిపోతాను. చేయకపోతే బస్సు బయల్దేరిందో లేదో తెలియక అక్కడ పిల్ల చస్తుంటుంది. చేశాను.

"పాపా, బస్సు బయల్దేరింది. గోస్పాడు దగ్గరికి వస్తాండాది."

"నీకెట్ల తెలుసు?"

"బస్సులోనే ఉండా."

తిట్టు కోసం కళ్ళు మూసుకున్నాను. తిట్టలేదు. "గుంటూరు బండికి ఎంతమంది ఉండారు?" అంది. గోవిందమ్మను అడిగి చెప్పాను. "ఫోను పెట్టొద్దు మా. యాడికి వస్తే ఆడ చెప్తా ఉండు."

చెప్పాను. కళ్ళు రోడ్డు మీదే పెట్టి, కనబడిందల్లా చెప్పాను.

"ముందర గొర్రెలు అడ్డం వస్తాండాయి పాపా. డ్రైవరు ఒక చేత్తో తిప్పుతాండాడు. ఎదురుగా లారీ—"

"గొర్రెలొద్దు, లారీలొద్దు. ఊర్లు చెప్పు చాలు."

ఆ పక్కన ఏమి జరుగుతోందో తర్వాత తెలిసింది. బస్సు రైలు కోసం ఆగాలని కాగితం మీద రాసుకున్నారు గానీ, రైలు బస్సు కోసం ఆగాలని ఎవరూ రాసుకోలేదు. ఎంతమందో, ఎక్కడున్నారో తెలియనివాళ్ళ కోసం బండిని ఎట్లా ఆపుతాం అని రైలు ఆఫీసరు పొద్దుటి నుంచీ అంటున్నాడట. ఇప్పుడు మా పిల్ల ఆయన పక్కన నిలబడి, సార్ ఇంతమంది, సార్ గోస్పాడు దాటింది, సార్ ఊరి పొలిమేరకు వచ్చేసింది అని క్రికెట్ చెప్పినట్టు చెబుతుంటే, బండిని పంపించేయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ఇంత దగ్గరికి వచ్చినాక ఎట్ల వదిలేది అని కాసేపు ఆపించాడు.

మేము చేరేసరికి గుంటూరు రైలు ప్లాట్‌ఫారం మీదే ఉంది. దాన్ని చూస్తే నాకు సొంత మనిషిని చూసినట్టయింది. జనం ఉరికారు. రంగయ్యను ఇద్దరు కుర్రవాళ్ళు చెరో రెక్క పట్టుకుని ఎక్కించారు. కిటికీలోంచి చెయ్యి ఎత్తి, నీ బిడ్డ యాడికీ పోదులే మా అని అరిచాడు. బండి కదిలింది.

ప్లాట్‌ఫారం మీద రెండు వైపుల ఆఫీసర్లు, గోవిందమ్మ, మా పిల్ల, తువ్వాళ్ళ మూటతో నేను మిగిలాం. బస్సు కోయిలకుంట్లలో ఎందుకు ఆలస్యమైందని డిపో ఆఫీసరు అడిగాడు. మా పిల్ల నా వైపు చూసింది, నోరు తెరిచింది. అది నా మీద చెప్పలేక తన మీద వేసుకుంటుందేమోనని భయపడి నేనే ముందుకొచ్చి తువ్వాళ్ళ సంగతి మొత్తం చెప్పాను. రైలు ఆఫీసరు నవ్వుతూ అటు తిరిగాడు. డిపో ఆఫీసరు నవ్వలేదు.

"రైలు టికెట్ లేనోళ్ళు ఎవరన్నా ఎక్కినారా?" అని గోవిందమ్మను అడిగాడు.

"ఒక్కరూ ఎక్కలేదు సార్. ఈమె తప్ప."

ఆయన తలూపి, ఏర్పాటు ఖాయం అన్నాడు. రేపటి నుంచి బస్సులో ఎవరో ఒకరు ఉండి ఎంతమంది వస్తున్నారో, ఎక్కడికి వచ్చారో ఫోనులో చెబుతుండాలి, ఈమె తప్ప ఎవరైనా సరే అన్నాడు. రైలువాళ్ళతో మాట్లాడి బండి ఆపించడానికి జ్యోత్స్న నంద్యాలలోనే ఉండాలి, దారి మూసి ఉన్నన్నాళ్ళూ రోజూ ఇక్కడికే రావాలి, ఆ తర్వాత ఆళ్ళగడ్డ డిపోలోనే పని అన్నాడు. రోజూ నంద్యాల అంటే ఆ హైవే మీద అన్ని లారీల మధ్య అని నేను నోరు తెరవబోయాను. పాప నా చెయ్యి పట్టుకుని నొక్కింది. అది ముద్దుగా నొక్కిన నొక్కుడు కాదు.

మరుసటి రోజు పొద్దున ఆళ్ళగడ్డ బస్టాండులో దాన్ని ఎక్కించడానికి పోయాను. రావొద్దంది, అయినా పోయాను. నంద్యాల బస్సు అప్పటికే కిక్కిరిసి వచ్చి, సరిగ్గా నా ముందర ఆగింది. నా ముఖానికి ఎదురుగా కిటికీ తెరిచి ఉంది. దాని పక్కన ఒక సీటు అప్పుడే ఖాళీ అయింది. భుజం మీద కొంగు ఉంది, చేతిలో సంచి ఉంది, ఏదో ఒకటి వేయొచ్చు. తలుపు దగ్గర తోసుకుంటూ ఎక్కుతున్న పాప తిరిగి నా వైపే చూసింది.

నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. ఆ సీట్లో ఎవరో పిల్లవాడు వచ్చి కూర్చున్నాడు. పాప కమ్మీ పట్టుకుని నిలబడింది. బస్సు మలుపు తిరిగేదాకా అట్లాగే నిలబడి ఉంది.

శిరివెళ్ళ మెట్ట దగ్గర సీటు దొరికిందని ఫోను చేసింది. ఎవరి పక్కన అని అడిగాను.